ముందు ఇంజెక్షన్, తర్వాత మెట్టెలు

2022 చలికాలం. నిజామాబాద్ పట్టణంలో ఒక ప్రైవేటు ఎముకల ఆసుపత్రి. అందులో నేను ఆపరేషన్ థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్‌ని. అప్పటికే ఆ పనిలో పద్దెనిమిదేళ్లు గడిచాయి. చెరుకు కోతలు మొదలయ్యాయంటే మాకు పని పెరుగుతుంది. బోధన్ నుంచి, రుద్రూర్ వైపు ఊళ్ల నుంచి ట్రాక్టర్ మీద నుంచి పడ్డవాళ్లు, పొలం ఒడ్డు మీద జారినవాళ్లు వస్తుంటారు. వయసు మళ్లినవాళ్లయితే ఎక్కువగా తుంటి విరిగి వస్తారు.

నా చేతి చురుకు గురించి ఆసుపత్రిలో మంచి పేరుండేది. నోరు కూడా అంతే చురుకని జూనియర్లు చాటున అనుకునేవాళ్లు. ఎంత సన్నని నరమైనా ఒక్క పోటుకు దొరికేది. పెద్ద సార్ తొమ్మిదింటికి కత్తి పట్టాలంటే ఎనిమిది యాభైకి రోగి టేబుల్ మీద ఉండేవాడు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి నేను కనిపెట్టిన ఒక పద్ధతి గురించే ఈ కథ.

ఆపరేషన్‌కు ముందు రోగిని సిద్ధం చేసే గదిని ప్రీ-ఆప్ గది అంటాం. ఒంటి మీద లోహమన్నది లేకుండా అక్కడ అన్నీ తీసేయాలి. ఎందుకంటే కోత పెట్టినచోట నెత్తురు ఆపడానికి కాటరీ అనే కరెంటు పరికరం వాడతారు. ఒంటిమీద లోహం ఉంటే దాని కింద చర్మం కాలే ప్రమాదం ఉంది. మగవాళ్లతో పెద్ద ఇబ్బంది లేదు. ఆడవాళ్ల దగ్గరే వస్తుంది చిక్కు. మొగుడు బతికుండగా మన ఊళ్లలో ఏ ఆడమనిషీ పుస్తెలు తీయదు, మెట్టెలు తీయదు. ముసలమ్మలయితే మరీను. మెడ చుట్టూ రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఏడుస్తారు, బతిమాలతారు, తిడతారు. లోపల సార్ గడియారం చూస్తుంటారు.

అందుకని నేను ఏం చేసేదాన్నంటే, ముందు మిడజోలం ఇచ్చేసేదాన్ని. అది భయాన్ని అణిచి మగతగా ఉంచే మందు. ఆ కాసేపు జరిగింది గుర్తు కూడా ఉండనివ్వదు. నరంలోకి వెళ్లిన రెండు మూడు నిమిషాలకు కళ్లు వాలిపోతాయి. అప్పుడు సబ్బునీళ్లు రాసి మెట్టెలు లాగేసి, పుస్తెలు తీసి, పేరు రాసిన కవర్లో వేసి బయట ఉన్నవాళ్ల చేతిలో పెట్టేదాన్ని. ఏడుపు లేదు, గొడవ లేదు. "ముందు ఇంజెక్షన్, తర్వాత మెట్టెలు" అని వచ్చిన ప్రతి జూనియర్‌కూ నేర్పాను. మత్తు డాక్టర్లు ఆర్డర్ రాసేవాళ్లు, నేను ఇచ్చేదాన్ని. అది తప్పని ఎవరూ అనలేదు.

ఆ ఏడు కొత్తగా మత్తు డాక్టరమ్మ వచ్చింది. పేరు హరిత. వచ్చిన వారానికే మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, అరవై అయిదు దాటినవాళ్లకు ఇకనుంచి అలవాటుగా మిడజోలం ఇవ్వొద్దని చెప్పింది. వయసు మళ్లిన ఒంట్లో ఆ మందు తొందరగా దిగదట. ఆపరేషన్ అయ్యాక తామెక్కడున్నారో, ఎదురుగా ఉన్నదెవరో తెలియని అయోమయం కొందరిలో వస్తుంది. దాన్ని డెలీరియం అంటారు. చాలామంది నాలుగైదు రోజుల్లో తేరుకుంటారు, కొందరు పూర్తిగా తేరుకోరు. అవసరమైనవాళ్లకు ఇద్దాం, ఏళ్ల తరబడి నిద్రమాత్రలు వేసుకునేవాళ్ల సంగతి వేరుగా చూద్దాం, మిగతావాళ్లకు ముందు నొప్పి తగ్గిద్దాం, కళ్లద్దాలూ చెవి మిషన్లూ టేబుల్ దాకా ఉంచుదాం, ఏం చేయబోతున్నామో చెప్పి చేద్దాం అంది.

తల ఊపాను కానీ లోపల మండింది. పది రోజులు పోతే తనే ఇవ్వమని అడుగుతుందిలే అనుకున్నాను. నిజం చెప్పాలంటే నా కోపం ఆమె మీద కాదు. ఆమె చెప్పింది నిజమైతే నేను చేసింది ఏమిటన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు ఎనిమిదేళ్లుగా నేను మొహం చాటేస్తూ వచ్చాను.

డిసెంబరులో ఒక ఉదయం గంగమణి అనే ఆమెను ప్రీ-ఆప్ గదికి తెచ్చారు. డెబ్బై పైన వయసుంటుంది. రుద్రూర్ పక్కన పల్లె. చెరుకు తోటలో గడ్డి కోస్తూ కాలువ గట్టు మీద జారిపడి ఎడమ తుంటి విరగ్గొట్టుకుంది. విరిగిన కీలు తీసి కొత్తది పెట్టాలి. డాక్టర్ హరిత ముందే గజ్జ దగ్గర ఒక సూది వేసింది. దాన్ని బ్లాక్ అంటాం, నొప్పి తెచ్చే నరాన్ని కొన్ని గంటలు మొద్దుబారుస్తుంది. దాంతో గంగమణి మొహం తేటపడింది. నా పేరు, ఊరు, పిల్లలు ఎందరు అన్నీ ఆరా తీసింది. నేను కాళ్ల దగ్గరికి వెళ్లేదాకా బాగానే ఉంది.

మెట్టెల మీద చెయ్యి వేయగానే బాగున్న కాలు చటుక్కున ముడుచుకుంది. మెడ దగ్గర పిడికిలి బిగించింది.

"మా ముసలోడు బయట కూసున్నడు బిడ్డా. ఆయన ఉండంగ నా మెట్టెలు ఎట్ల తీస్తవు?"

నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. కరెంటు సంగతి చెప్పాను, గంటన్నరలో మళ్లీ పెట్టేస్తానన్నాను. వినలేదు. నన్ను ఇంటికి పంపుండ్రి, కుంటుకుంటనే బతుకుత అంది. మానిటర్‌లో గుండె వేగం నూట ముప్ఫై చూపిస్తోంది, బీపీ ఎక్కుతోంది. తుంటి విరిగిన ముసలివాళ్లకు ఆపరేషన్ ఆలస్యమైన కొద్దీ ప్రాణానికే ముప్పు. లోపలి నుంచి ఫోన్ వచ్చింది. ఎందుకు ఆలస్యం, ఒక ఇంజెక్షన్ ఇచ్చి తీసుకురారాదా అని పెద్ద సార్ విసుక్కున్నారు.

సిరంజిలో మందు సిద్ధంగానే ఉంది. పొద్దున రాగానే అలవాటు కొద్దీ ఎక్కించి పెట్టుకున్నాను. దాన్ని చేతిలోకి తీసుకుని, ఇద్దామా అన్నట్టు డాక్టర్ హరిత వైపు చూశాను. ఆమె వద్దని గద్దించలేదు.

"ఈ మందు ఎవరికి కావాలి అక్కా? ఆమెకా, మనకా?" అంది.

సిరంజి నా చేతిలోనే ఉంది. 2014లో ఇదే గదిలో, ఇదే మంచం మీద మా అవ్వ పడుకుని ఉంది. మా వైపు కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తాం. బాల్కొండ దగ్గర మా ఊళ్లో, పసుపు ఆరబోసిన కల్లంలో జారి ఆమె కూడా తుంటే విరగ్గొట్టుకుంది. మెట్టెలు తీయనని ఆమె కూడా మొండికేసింది. తల్లి ఏడుస్తుంటే చూడలేకపోయాను. ఎవరో ఎందుకు, నేనే ఇస్తానని సిరంజి తీసుకున్నాను. ఆమె కళ్లు వాలేదాకా తల నిమిరి, తర్వాత పుస్తెలు, మెట్టెలు తీశాను. ప్రేమతోనే చేశాను.

సాయంత్రానికి ఆమె చెయ్యి మెడ తడుముకుంది. అక్కడ ఏమీ లేదు. రెండో కాలితో పాదం రుద్దుకుని చూసుకుంది, అక్కడా ఏమీ లేదు. మొగుడు చచ్చిపోయినప్పుడే కదా ఈ రెండూ తీస్తారు. ఆ చెదిరిన మనసుకు తోచిన అర్థం అదొక్కటే. రాగం తీసి ఏడవడం మొదలుపెట్టింది. బాపు, అంటే మా నాన్న, పరుగున వచ్చి ఎదురుగా నిలబడితే ఎవరు నువ్వు అని అడిగింది. మర్నాడు నేను మెట్టెలు తొడగబోతే, మొగడు పోయినదానికి మెట్టెలెందుకే అని కాలు లాగేసుకుంది.

పది రోజుల్లో మాట కుదుటపడింది. నన్ను గుర్తుపట్టింది, తమ్ముణ్ని గుర్తుపట్టింది. కానీ ఆ ఒక్క నమ్మకం పోలేదు. బాపును తన బావ అనుకుంది, అంటే చనిపోయిన మొగుడికి అన్న. అందుకని ఆయన గదిలోకి వస్తే కొంగు తల మీదికి లాక్కుని గోడ వైపు తిరిగేది. నలభై అయిదేళ్లు కాపురం చేసిన మనిషి. ఆయన కూడా రెండు మూడు రోజులు చెప్పి చూసి ఊరుకున్నాడు. చాయ్ గ్లాసు నాకు అందించి, తను గుమ్మం అవతలే కూర్చునేవాడు. మూడు నెలలకు నిమ్ము చేసి ఆమె పోయింది. మొగుడుండగా పోయిన అదృష్టవంతురాలని ఊళ్లో ఆడవాళ్లంతా పసుపూ కుంకుమా పెట్టి సాగనంపారు. ఆ సంగతి ఆమెకే తెలియదు.

అదంతా ఆ ఇంజెక్షన్ వల్లే జరిగిందని డాక్టర్ హరిత ఇప్పటికీ ఒప్పుకోదు. విరిగిన ఎముక, నొప్పి, కొత్త చోటు, వయసు అన్నీ కలిసి చేస్తాయని చెబుతుంది. అది నిజమే కావచ్చు. కానీ మిగతావేవీ నా చేతిలో లేవు, ఇంజెక్షన్ నా చేతిలో ఉంది.

సిరంజి ట్రేలో పడేసి తలుపు తీశాను. బయట బల్ల మీద గంగమణి భర్త పోశెట్టి, కొడుకు ఉన్నారు. "తాతా, నువ్వు జర లోపటికి రా" అన్నాను. ఆయన బెదిరిపోయాడు. ఏదో అయిపోయింది, అందుకే పిలుస్తున్నారు అనుకున్నాడు. ఏం కాలేదని చెప్పి, చేతులు కడిగించి, ఆకుపచ్చ గౌను తొడిగి, తలకు టోపీ పెట్టి తీసుకొచ్చాను. పద్దెనిమిదేళ్లలో ఆ గదిలోకి రోగి తాలూకు మనిషిని తీసుకురావడం నాకు అదే మొదలు.

ఆయన్ని ఆ టోపీలో చూసి అంత ఏడుపులోనూ గంగమణి నవ్వింది. "గిదేం ఏసమయ్యా నీది" అంది. ఆయన కూడా నవ్వబోయి నవ్వలేక మంచం పట్టీ పట్టుకున్నాడు. సంగతంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, పుస్తెలు తీసుడు తప్పకపోతే పసుపు కొమ్ము కట్టాలె గదా, ఉట్టి మెడ ఉంచద్దు గదా అన్నాడు. నాకు సిగ్గేసింది. పుస్తెలతాడు తెగితే కొత్తది పడేదాకా దారానికి పసుపు కొమ్ము కట్టుకోవడం మా ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదే. పసుపు పండించే ఇంట్లో పుట్టి, పద్దెనిమిదేళ్లు ఆడవాళ్ల మెడలు బోసిగా చేస్తూ, ఒక్కసారి కూడా నాకు ఆ మాట తోచలేదు.

కొడుకు ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు వెళ్లి నూలు దారం, ఎండు కొమ్ము తెచ్చాడు. మెడ దగ్గరైతే తనకు అభ్యంతరం లేదని డాక్టర్ హరిత అంది. కాలి వేలికి కూడా పసుపు దారం చాలన్నాడు పోశెట్టి. ఆపరేషన్ చేసే ఎడమ కాలికి ఏదీ ఉండకూడదని, అక్కడ చీము పట్టే ప్రమాదం ఉందని ఆమె చెప్పింది. ఒక్క కాలికి ఉన్నా చాలని ఆయన ఒప్పుకున్నాడు. ఈ లోపు డాక్టర్ హరిత సార్‌కు ఫోన్ చేసి పావుగంట అడిగింది.

ముందు కొమ్ము కట్టాడు, ఆ తర్వాతే పుస్తెలు తీశాడు. తర్వాత మెట్టెల దగ్గరికి వచ్చాడు. చెరుకు కొట్టీ కొట్టీ బండబారిన వేళ్లు, సబ్బునీళ్లకు జారిపోతున్నాయి. సాయం పోబోయి ఆగాను.

"నేను బతికే ఉన్న. సూడు, నా చేతులతోనే తీస్తున్న. మల్ల నేనే తొడుగుత" అన్నాడు.

"తొడగకపోతె?"

"తొడగకపోతె లేసినంక అడుగు. ఊకుంటవా నువ్వు?"

ఆమె ఊకోననే చెప్పింది. మానిటర్ వైపు చూస్తే గుండె వేగం తొంభై అయిదుకు దిగింది. డాక్టర్ హరిత కూడా చూసింది.

వెన్నులో సూది వేసి నడుము కింద మాత్రమే మొద్దుబార్చడాన్ని స్పైనల్ అంటారు. మనిషి మెలకువగానే ఉంటుంది. మామూలుగా ఆ సమయంలో నేను సామాను అందించే చోట ఉంటాను. ఆ రోజు ఆ పని జూనియర్‌కు ఇచ్చి, ఆకుపచ్చ గుడ్డకు ఇవతల గంగమణి తల దగ్గర స్టూల్ వేసుకుని కూర్చున్నాను. గుడ్డ అవతల సుత్తి చప్పుడు. అదేందని అడిగింది, కొత్త కీలు బిగిస్తున్నారని చెప్పాను. వడ్రంగి వడ్లాయన బండి చక్రం బిగించినట్టే ఉందంది.

తర్వాత తనే మాట్లాడుతూ పోయింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో పోశెట్టి చెరుకు బండి కట్టుకుని పోతే లైన్లో రెండేసి రోజులు ఉండిపోయేవాడట. వచ్చేసరికి ఒళ్లంతా బెల్లం వాసన. గాలి ఇటు తిరిగితే ఊళ్లోకి కూడా ఆ వాసన వచ్చేదట. నూనె తక్కువైనా, బియ్యం తక్కువైనా ఆ వాసనకు ఇల్లు నిండుగా ఉన్నట్టు ఉండేదని చెప్పింది.

"గా సైరన్ మోగితె పొయ్యి మీద ఎసరు పెడుతుంటి. ఆయన వస్తున్నట్టే లెక్క. ఫ్యాక్టరీ బందయినంక ఎన్నేండ్లాయె, ఇప్పటికీ పొద్దుగూకంగ చెవి అటే పోతది బిడ్డా."

ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. ఆమె కళ్లు పైన దీపం వైపు ఉన్నాయి, చూపు మాత్రం ఆ రోడ్డు మీద ఉంది. మిడజోలం ఇచ్చి ఉంటే ఈ గంటన్నర ఆమె గురక పెట్టేది. నేను ఎన్ని వందల మందిని అలా నిద్రపుచ్చానో, వాళ్లు ఏమేం చెప్పేవాళ్లో అనుకున్నాను. మా అవ్వ ఏం చెప్పి ఉండేది? కల్లం గురించా, నా చిన్నతనం గురించా? ఎంత ఆలోచించినా ఆమె గొంతులో ఒక్క వాక్యం కూడా కట్టుకోలేకపోయాను.

సాయంత్రం వార్డులో డాక్టర్ హరిత, నేను వెళ్లేసరికి గంగమణి దిండుకు ఆనుకుని ఉంది. డెలీరియం ఉందేమో చూడడానికి అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఎక్కడున్నావు, ఎందుకొచ్చావు, ఇదేం రోజు అని డాక్టర్ అడిగింది.

"నిజామాబాద్ల ఉన్న. తుంట ఇరిగి వచ్చిన. ఇయ్యాల బేస్తారం. నువ్వు మత్తు డాక్టరమ్మవు. ఇంకేం గావాలె?" అని విసుక్కుంది గంగమణి. ఆ రోజు గురువారమే. అంత మంచి విసుగు నేను ఎప్పుడూ వినలేదు.

పోశెట్టి ముందు పుస్తెలు మెడలో వేశాడు. కుడికాలి వేలికి మెట్టె తొడిగాడు. ఎడమ పాదం వాచి ఉండడంతో ఆ కాలి మెట్టె ఎక్కలేదు, రెండు రోజులు ఆగమన్నాం. యాదిమరువకు అని ఆమె రెండుసార్లు చెప్పింది. ఆయన దాన్ని రుమాలులో ముడివేసి జేబులో పెట్టుకున్నాడు. ఆమె అరటిపండు ఒలిచి సగం ఆయనకు ఇచ్చింది. ఆయన మంచం అంచు మీదే, ఆమె మోకాలికి ఆనుకుని కూర్చుని తిన్నాడు.

నాకు అసూయ కలిగింది. చెప్పుకోవడానికి సిగ్గుపడడం లేదు. గుమ్మం అవతలే కూర్చున్న బాపు కళ్లముందు మెదిలాడు. దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్లి తలుపేసుకుని, మొహం కడుక్కోవాల్సినంతగా ఏడ్చాను.

ఆ తర్వాత మా దగ్గర పద్ధతి మారింది. ఒక్క గంగమణి బాగున్నంత మాత్రాన అందరికీ అలాగే అవుతుందని కాదు. మెలకువగా ఉండి కూడా డెలీరియం వచ్చినవాళ్లు ఉన్నారు. ఎంత చెప్పినా భయం తగ్గక, మందు నిజంగానే అవసరమైనవాళ్లూ ఉన్నారు, వాళ్లకు తక్కువ మోతాదులో ఇప్పటికీ ఇస్తున్నాం. కానీ పొద్దున్నే సిరంజి నింపి పెట్టుకోవడం మానేశాను. వయసు మళ్లినవాళ్లు వస్తే ముందు వాళ్లవాళ్లను ఒకరిని లోపలికి పిలుస్తాను. తీయాల్సినవి వాళ్లే తీస్తారు. పది పదిహేను నిమిషాలు ఎక్కువ పడుతుంది. పెద్ద సార్ కొన్నాళ్లు సణిగి, తర్వాత ఆపరేషన్ల లిస్టునే పావుగంట ఆలస్యంగా మొదలయ్యేలా మార్పించారు. జూనియర్లకు నేను నేర్పిన పాఠాన్ని నేనే వెనక్కి తీసుకున్నాను. మందు ఎక్కించే ముందు అది ఎవరి కోసమో అడగండని చెబుతున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేర్చుకున్నది ఇదొక్కటే అన్నా తప్పులేదు.

ఆ డిసెంబరులోనే ఒక ఆదివారం మా ఊరికి పోయాను. బాపు మా తమ్ముడి దగ్గర ఉంటాడు. అన్నాలు తిన్నాక ఇద్దరమే మిగిలినప్పుడు, ఎనిమిదేళ్లుగా చెప్పనిది చెప్పాను. అవ్వ ఏడుస్తుంటే చూడలేక ఆ ఇంజెక్షన్ ఇచ్చింది నేనేనని, మత్తులో ఉండగా మెట్టెలు తీసింది కూడా నేనేనని చెప్పాను. గంగమణి సంగతి, పోశెట్టి కొమ్ము కట్టిన సంగతి కూడా చెప్పాను. తిడతాడనుకున్నాను, లేకపోతే పోనీలే అంటాడనుకున్నాను. ఆయన రెండూ అనలేదు. తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నన్ను పిలిస్తే నేనే తీస్తుంటి గద బిడ్డా" అన్నాడు.

అవ్వ ఆపరేషన్ రోజు ఆయన ప్రీ-ఆప్ గది తలుపుకు నాలుగు అడుగుల దూరంలోనే, పిలుస్తారేమోనని చెప్పులు విప్పి పెట్టుకుని కూర్చున్నాడు.